ఫ్లైట్ డిస్పాచర్ కావాలంటే శంషాబాద్ ఆకాశంతో మొదలుపెట్టండి

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తెల్లవారుజామున బయలుదేరే విమానానికి ఎంత ఇంధనం నింపాలి, ఏ దారిలో, ఏ ఎత్తులో వెళ్లాలి, ఢిల్లీని పొగమంచు కమ్మేస్తే ఎక్కడ దిగాలి? ఇవన్నీ కెప్టెన్ విమానం దగ్గరికి చేరేలోపే ఒకరు లెక్కగట్టి సిద్ధం చేస్తారు. ఆ పని చేసేవారే ఫ్లైట్ డిస్పాచర్. ప్రయాణికులకు వారు ఎన్నడూ కనిపించరు. విమానం దిగి ఇంజిన్లు ఆపేదాకా వారి చూపు మాత్రం దాని మీదే ఉంటుంది.

ఈ ఉద్యోగం మీద ఆసక్తితో నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదట అడిగేది ఒక్కటే: ఏ కోర్సులో చేరాలి, ఎంత కట్టాలి? నేను చెప్పేది మాత్రం వేరు. ముందు మూడు నెలలు ఎవరికీ ఒక్క రూపాయి కట్టకండి. ఆ మూడు నెలలూ శంషాబాద్ వాతావరణాన్ని రోజూ చదవండి, కాగితం మీద మీ సొంత లెక్క వేయండి. ఆ పని మీకు నచ్చితేనే తర్వాతి మెట్టు ఎక్కండి. ఎందుకంటే డిస్పాచర్ ఉద్యోగమంటే అదే: ఎవరో ఇచ్చిన అంకెను నమ్మకుండా మన లెక్క మనం వేసుకోవడం, అది తేడాగా వస్తే ధైర్యంగా నోరు విప్పడం.

మొదటి మెట్టు: ఏ డిస్పాచర్ కావాలనుకుంటున్నారో తేల్చుకోండి

ఈ మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. విమానాశ్రయంలో విమానం పక్కన మెరిసే జాకెట్ వేసుకుని, సామాను ఎక్కిందా, శుభ్రం చేశారా, తలుపు ఎప్పుడు మూస్తారు అని చూసేవారిని కూడా కొన్నిచోట్ల డిస్పాచర్ అనే పిలుస్తారు. అది గౌరవప్రదమైన పనే, కానీ వేరే పని. విమానంలో బరువు ఎంత, ఎక్కడ ఉందో చూపే లోడ్ అండ్ ట్రిమ్ షీట్ తయారు చేసే లోడ్ కంట్రోలర్ పని మరొకటి. ఫ్లైట్ డిస్పాచర్ కూర్చునేది విమానసంస్థ ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్‌లో. ఆయన చేతిలో వాతావరణం, దారి, ఇంధనం, విమానం పనితీరు, దాని సాంకేతిక లోపాల జాబితా ఉంటాయి.

నేను ఈ తేడా తెలియకుండానే నగరంలో ఒక శిక్షణ సంస్థలో డబ్బు కట్టాను. ఆరు నెలలు టికెట్ కౌంటరు మర్యాదలు, బ్యాగేజీ నియమాలు నేర్పించారు. చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్ మీద డిస్పాచ్ అనే మాట ఉంది. ఇంటర్వ్యూలో దాన్ని చూసినవారు మర్యాదగా పక్కన పెట్టి, ఒక వాతావరణ నివేదిక ఇచ్చి చదవమన్నారు. నాకు చదవడం రాలేదు. ఆ రోజు బాధతో తిరిగి వచ్చాను. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో ఈ వృత్తికి 1938 నాటి పౌర విమానయాన చట్టంతో చట్టబద్ధమైన స్థానం దక్కింది. అక్కడి షెడ్యూల్డ్ విమానసంస్థల్లో, విమానం బయలుదేరే ముందు చేసే ప్లానుకూ, ఆలస్యం చేయాలా, బయలుదేరాలా అన్న నిర్ణయానికీ కెప్టెన్‌తో పాటు డిస్పాచర్‌ది కూడా ఉమ్మడి బాధ్యత. మన దేశంలో విమానసంస్థ శిక్షణ ఇచ్చి ప్రతిపాదించిన వ్యక్తికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఇస్తుంది. బయట సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఆ ఆమోదానికి సాటిరాదు. ఇది గుర్తుంచుకుంటే సగం మోసాలు మీ దగ్గరికి రావు.

రెండో మెట్టు: అర్హతలు సరిచూసుకోండి

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవారికి దారి సులువు. గణితం, భౌతికశాస్త్రం లేకుండా ఈ పని సాగదు. డిగ్రీలో ఇంజనీరింగ్ చేసి వచ్చేవారు, పైలట్ శిక్షణ మధ్యలో ఆపినవారు, వైమానిక దళం నుంచి విరమించినవారు కూడా ఇందులోకి వస్తుంటారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఇకావో ప్రమాణాల ప్రకారం డిస్పాచర్‌కు 21 ఏళ్లు నిండి ఉండాలి. అమెరికా సర్టిఫికెట్‌కైతే 23 నిండాలి, రాతపరీక్ష మాత్రం 21కే రాయవచ్చు. కళ్లద్దాలున్నాయని దిగులుపడేవారికి ఒక మంచి మాట: ఇకావో ప్రమాణాల్లో పైలట్లకూ, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకూ ఉన్నట్టు డిస్పాచర్‌కు వైద్య సర్టిఫికెట్ నిబంధన లేదు.

మన దేశ నిబంధనలు డీజీసీఏ వెలువరించే సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్‌లో, సెక్షన్ 7లో ఉంటాయి. డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి మారుతుంటాయి కాబట్టి, మీ స్నేహితుడి దగ్గరున్న పాత ప్రతి కాకుండా ఆ రోజు వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతినే చదవండి. పాత నోట్సుతో మరో చిక్కు కూడా ఉంది. వాటిలో ఇంకా 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టమే కనిపిస్తుంది. దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నది అదే.

చదవాల్సిన విషయాలు: విమానయాన చట్టాలు, విమాన పరిజ్ఞానం, పనితీరు లెక్కలూ బరువు పంపకమూ, మానవ సామర్థ్య పరిమితులు, వాతావరణ శాస్త్రం, నావిగేషన్, ఆపరేషన్ల పద్ధతులు, ఎగరడం వెనుక ఉన్న సూత్రాలు, రేడియో సంభాషణ. పేర్లు చూసి బెదరకండి. వీటిలో వాతావరణం, పనితీరు, ఇంధనం అనే మూడింటిని ఇంటి దగ్గరే, మన ఊరి ఉదాహరణలతోనే పట్టు వచ్చేదాకా నేర్చుకోవచ్చు.

మూడో మెట్టు: మూడు నెలల ఇంటి శిక్షణ

ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనండి. రోజూ ఒకే వేళకు, వీలైతే ఉదయం ఆరున్నరకు, శంషాబాద్ విమానాశ్రయం మెటార్ చూడండి. మెటార్ అంటే ఆ విమానాశ్రయంలో ఆ క్షణాన ఉన్న వాతావరణాన్ని సంకేతాల్లో చెప్పే నివేదిక. శంషాబాద్ వంటి పెద్ద విమానాశ్రయాల్లో అరగంటకొకటి వస్తుంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. శంషాబాద్ సంకేతం వీఓహెచ్ఎస్. బేగంపేటది వీఓహెచ్‌వై. ఈ రెంటినీ కలిపేసుకోకండి.

అభ్యాసం కోసం ఒకటి నేనే రాసి చూపిస్తాను. జనవరిలో ఒక ఉదయం మీకు ఇది కనిపించిందనుకోండి:

వీఓహెచ్ఎస్ 120030జెడ్ 00000కేటీ 0300 ఎఫ్‌జీ 15/15 క్యూ1016

మొదటి రెండంకెలు తేదీ, 12. తర్వాతి నాలుగు సమయం, 00:30. జెడ్ అంటే అంతర్జాతీయ సమయం. మన సమయం కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి, అంటే ఉదయం ఆరు. ఈ ఐదున్నర గంటల కూడిక మీకు నిద్రలో కూడా రావాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ముఖ్యంగా అర్ధరాత్రి తర్వాత తేదీ మారే చోట. ఆ తర్వాత ఐదు సున్నాలు: గాలి లేదు. 0300 అంటే 300 మీటర్ల దూరం వరకే కనిపిస్తోంది. ఎఫ్‌జీ అంటే పొగమంచు. 15/15 అంటే ఉష్ణోగ్రతా, తుషార బిందువూ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) రెండూ 15 డిగ్రీలే. చివరిది వాయుపీడనం, 1016 హెక్టోపాస్కల్స్.

ఇక్కడితో ఆపితే మీరు అనువాదం చేసినట్టే, డిస్పాచ్ చేసినట్టు కాదు. ఇప్పుడు ప్రశ్నలు వేసుకోండి. గాలి లేదు, ఉష్ణోగ్రత తుషార బిందువును తాకింది, ఇంకా సూర్యుడు పైకి రాలేదు. మరి ఈ మంచు ఎప్పుడు విడుతుంది? సాధారణ కేటగిరీ 1 ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో విమానానికి దిగే దారి చూపే వ్యవస్థ) ల్యాండింగ్‌కు రన్‌వే మీద 550 మీటర్లు కనిపించాలి. ఏడింటికి రావాల్సిన విమానం దిగగలదా? దిగలేకపోతే ఎంతసేపు గాలిలో తిరగగలదు? తర్వాత ఎక్కడికి వెళ్తుంది: బెంగళూరా, చెన్నైయా, విజయవాడా? ఆ ఉదయం విజయవాడలోనూ మంచు ఉంటే? మీ ఊహను నోట్‌బుక్‌లో రాయండి: ఎనిమిదింటికి విడుతుంది, ఎందుకంటే ఇది. ఎనిమిదింటికి మళ్లీ మెటార్ చూసి, పక్కన నిజంగా జరిగింది రాయండి. తప్పయితే ఎందుకు తప్పయిందో ఒక్క వాక్యం. ఇలా తొంభై రోజులు రాసిన నోట్‌బుక్ చేతిలో ఉన్న అభ్యర్థిని నేనైతే మరే సర్టిఫికెట్ అడగను.

టాఫ్ అనే ముందస్తు అంచనానూ ఇలాగే చదవండి. అంచనా ఒకటి చెప్పి, వాస్తవం వేరుగా ఉన్న రోజులే మీకు పాఠాలు. మన వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం బేగంపేట విమానాశ్రయం దగ్గరే ఉంది. వారి రాడార్ చిత్రాలు కూడా అందరూ చూడవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక వికారాబాద్ వైపు నుంచి ఉరుముల మేఘం లేచి వస్తే, అది శంషాబాద్ మీదికి ఎంతసేపట్లో చేరుతుందో మేడ మీద నిలబడి ఊహించండి. నేను ఇప్పటికీ సెలవు రోజున అదే చేస్తాను. అంతకంటే మంచి పాఠశాల నాకు తెలియదు.

వేసవి మనకు ఇంకో పాఠం చెబుతుంది, అది పనితీరుది. శంషాబాద్ సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉంది. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున తగ్గుతుంది. అంటే శంషాబాద్‌కు ప్రామాణిక ఉష్ణోగ్రత దాదాపు 11. మే నెల మధ్యాహ్నం 41 ఉందనుకోండి. తేడా 30 డిగ్రీలు. వేడికి గాలి పలచబడి విమానానికి ఎత్తు పెరిగినట్టే ఉంటుంది: ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,600. దానికి 2,024 కలిపితే 5,600 అడుగులు దాటింది. పీడనం తక్కువగా ఉన్న రోజైతే ఇంకొంచెం ఎక్కువ. రన్‌వే ఎక్కడికీ కదల్లేదు, కానీ విమానానికి మాత్రం తాను ఐదున్నర వేల అడుగుల కొండ మీద నుంచి లేస్తున్నట్టే ఉంటుంది. అదే 41 డిగ్రీలు సముద్రం పక్కనున్న చెన్నైలో ఉంటే ఈ లెక్క 3,200 దగ్గరే ఆగుతుంది.

గాలి పలచనైతే ఇంజిన్ శక్తి తగ్గుతుంది, రెక్కకు అదే లిఫ్ట్ కావాలంటే ఎక్కువ వేగం కావాలి. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు కదా, పొడవు చాలదా అంటారు కొందరు. పొడవు చాలుతుంది. కానీ ఒక ఇంజిన్ ఆగిపోయినా విమానం నిర్ణీత కోణంలో పైకి ఎక్కగలగాలి. ఆ పరిమితికీ రన్‌వే పొడవుకూ సంబంధం లేదు. ఎండ ఎక్కువైన రోజున బరువు తగ్గించాల్సి రావడానికి ఇదీ ఒక కారణం. ఈ తేడా చెప్పగలిగితే ఇంటర్వ్యూ చేసేవారు తల ఎత్తి చూస్తారు.

ఇక ఇంధనం. ఇది నాకు ప్రాణం, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ సుమారు 1,250 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. ఎయిర్‌బస్ ఎ320 వంటి విమానానికి అభ్యాసం కోసం ఈ అంకెలు వేసుకోండి. నేల మీద నడవడానికి 200 కిలోలు. ప్రయాణానికి 5,000. దారిలో గాలి, ఎత్తు మారితే సర్దుబాటుకు ప్రయాణ ఇంధనంలో 5 శాతం, అంటే 250. ఢిల్లీలో దిగలేక జైపూర్ వెళ్లాల్సి వస్తే 1,400. చివరిగా 1,500 అడుగుల ఎత్తున అరగంట తిరగగలిగే తుది నిల్వ 1,150. మొత్తం 8,000 కిలోలు. ఆ చివరి అరగంట నిల్వను ముట్టుకోవాలని ఎవరూ ప్లాన్ చేయకూడదు. దిగేసరికి అది ట్యాంకులో ఉండి తీరాలి. ఉండదని తేలితే కెప్టెన్ మేడే ఫ్యూయల్ అని అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సిందే.

ఇప్పుడు డిసెంబరు చివరి వారమని ఊహించండి. పొగమంచు ఢిల్లీకి మాత్రమే రాదు, జైపూర్‌నూ కలుపుకొని వస్తుంది. రెండూ మూతపడే ఉదయాన జైపూర్‌ను ప్రత్యామ్నాయంగా రాయడం కాగితం నింపడమే. అహ్మదాబాద్ రాస్తే అది దూరం, 1,400 బదులు సుమారు 2,900 కావాలి. మొత్తం 9,500కు చేరుతుంది. అలాగని ఎప్పుడూ ఎక్కువే నింపేద్దామంటే కుదరదు. అదనంగా మోసే ఇంధనంలో గంటకు సుమారు 3 నుంచి 4 శాతం దాన్ని మోయడానికే ఖర్చవుతుంది. బరువు పరిమితి దాటితే సరుకో, ప్రయాణికులో దిగాలి. ఎంత చాలు, ఎందుకు చాలు అనేదే డిస్పాచర్ వివేకం.

శిక్షణలో ఉన్నప్పుడు ఒక సీనియర్ నా ప్లాన్ చూసి, "ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు. "సిస్టమ్ ఇచ్చింది సార్" అన్నాను. "సిస్టమ్‌కు మనం తప్పు ఇస్తే, అది తప్పే ఇస్తుంది. నీకెలా తెలుస్తుంది?" అన్నారు. తర్వాతి వారం ఆయన కావాలనే ఒక అభ్యాస ప్లాన్ నా ముందు పెట్టారు. అదే ఢిల్లీ దారి, ప్రయాణ ఇంధనం 4,300. నోట్‌బుక్‌లో నా చేతి లెక్క 5,000. ఏడు వందల కిలోల తేడా ఎక్కడిదని వెతికితే, ఇంధనం లేకుండా విమానం బరువు, అంటే జీరో ఫ్యూయల్ వెయిట్, 61 టన్నులకు బదులు 51 అని టైపు చేసి ఉంది. ఒక్క అంకె. తెర మీద అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి, ఎక్కడా హెచ్చరిక లేదు. అప్పటినుంచి ప్రతి ప్లాన్‌కూ ముందు నా అంచనా పెన్సిల్‌తో మూలన రాసుకుని, ఆ తర్వాతే తెర చూస్తాను. మీరు కూడా ఈ అలవాటు ఇప్పుడే చేసుకోండి.

నాలుగో మెట్టు: దారి చదవడం

విమానం గీత గీసినట్టు తిన్నగా పోదు. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ప్రచురించే ఏఐపీ అనే సమాచార సంపుటిలో దారులు, విమానాశ్రయాల వివరాలు, నిషిద్ధ ప్రాంతాలు ఉంటాయి. ఆన్‌లైన్‌లో చూడవచ్చు. ముందు హైదరాబాద్ చుట్టుపక్కలే చదవండి. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ, హకీంపేటలో వైమానిక స్థావరం ఉన్నాయి. శిక్షణ విమానాలు తిరిగే ఆ ఆకాశం మన పౌర విమానాల రాకపోకల పక్కనే ఉంది. పటం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే, శంషాబాద్ నుంచి లేచిన విమానం ఎందుకు అటు తిరిగిందో అర్థమవుతుంది.

నోటామ్‌లు (విమానాశ్రయాల్లో, ఆకాశ మార్గాల్లో తాత్కాలిక మార్పులను తెలిపే ప్రకటనలు) చదవడం విసుగు పుట్టిస్తుంది. వందల్లో ఉంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రన్‌వే మూసివేత, ఐఎల్ఎస్ పనిచేయకపోవడం, ఆకాశ మార్గం మూసివేత అనే మూడు రకాలను ముందు ఏరుకోండి. మిగతావి తర్వాత. ఒక్క నోటామ్ ఎంత పని చేస్తుందో తెలియాలంటే 2025 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానసంస్థలకు మూసేసింది. ఉత్తర అమెరికా, ఐరోపా వెళ్లే విమానాలకు ప్రయాణం పొడిగింది, కొన్ని దారి మధ్యలో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. ఆ రాత్రుల్లో కొత్త దారి, కొత్త ఇంధనం, సిబ్బంది పని గంటల పరిమితి అన్నీ మళ్లీ లెక్కగట్టినవారిలో డిస్పాచర్లే ముందున్నారు. 2019లో కూడా ఫిబ్రవరి చివరి నుంచి జులై వరకు ఇలాగే జరిగింది.

చలికాలంలో హైదరాబాద్–దుబాయ్ విమానాల సమయాలు చూసి, వెళ్లేటప్పుడు ఎందుకు ఎక్కువ సేపు పడుతుందో, వచ్చేటప్పుడు ఎందుకు తగ్గుతుందో పై గాలుల పటం పక్కన పెట్టుకుని తేల్చండి. పడమటి గాలుల పాఠం దానితోనే వచ్చేస్తుంది.

ఐదో మెట్టు: కోర్సులో చేరాలా వద్దా

ఇప్పటికి మీ నోట్‌బుక్ నిండి ఉంటే, మీరు ప్రశ్నలు అడగగలిగే స్థితిలో ఉన్నారు. హైదరాబాద్‌లో విమానయానానికి పాత చరిత్రే ఉంది. నిజాం కాలంలో ఇక్కడి నుంచే దక్కన్ ఎయిర్‌వేస్ నడిచింది, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇప్పుడు బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ, శంషాబాద్ వైపు జీఎంఆర్ ఏవియేషన్ అకాడమీ ఉన్నాయి. పేరు వినగానే చేరిపోకండి. ఏ సంస్థ ఏ కోర్సు నడుపుతోందో, అది పైలట్లకా, విమానాశ్రయ ఉద్యోగులకా, డిస్పాచర్లకా అని స్వయంగా వెళ్లి అడగండి.

ఏ సంస్థకు వెళ్లినా ఇవి అడగండి. ఈ కోర్సుకు ఎవరి ఆమోదం ఉంది, ఆ ఉత్తరం చూపిస్తారా, గడువు ఎప్పటివరకు? పాఠం చెప్పేవారు స్వయంగా డిస్పాచర్‌గా పనిచేశారా, ఏ రకం విమానం మీద? చేతితో ప్లాన్ ఎన్ని చేయిస్తారు? పోయిన బ్యాచ్‌లో విమానసంస్థలో చేరిన ఇద్దరితో మాట్లాడిస్తారా? మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు, అది రాతపూర్వకంగా ఇస్తారా? వీటికి జవాబు చెప్పకుండా "నూరు శాతం ఉద్యోగం" అని ఎవరైనా అంటే, కుర్చీలోంచి లేచి వచ్చేయండి. అమ్మానాన్నలు అప్పు చేసి ఇచ్చే డబ్బు అది.

అమెరికా సర్టిఫికెట్ గురించి కూడా అడుగుతారు. దానికి కనీసం 200 గంటల ఆమోదిత శిక్షణ, 80 ప్రశ్నల రాతపరీక్షలో 70 శాతం మార్కులు, ఆ తర్వాత మౌఖిక, ప్రయోగ పరీక్ష ఉంటాయి. చదువు చాలా గట్టిది. దానితోనే ఇక్కడ డిస్పాచ్ చేయనివ్వరు, డీజీసీఏ ఆమోదం విడిగా కావాలి. విదేశాల్లో స్థిరపడే ఉద్దేశం ఉంటే తప్ప, మొదటి అడుగుగా దాని మీద అంత ఖర్చు నేను సిఫారసు చేయను.

ఆరో మెట్టు: విమానసంస్థలోకి

విమానసంస్థలు ట్రైనీ డిస్పాచర్, ఆపరేషన్స్ అసిస్టెంట్ వంటి పేర్లతో పిలుపులు ఇస్తాయి. వారి వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీని వారానికోసారి చూడండి. చార్టర్ సంస్థల్లో, శంషాబాద్ విమానాశ్రయంలోని ఆపరేషన్స్ కార్యాలయాల్లో చిన్న ఉద్యోగం దొరికినా వదలకండి. ఫ్లైట్ ప్లాన్ కాగితం రోజూ చేతిలో పడే చోటు ఏదైనా మేలే. రెండేళ్లకోసారి బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు వెళ్లండి. విమానాలు చూడటానికి కాదు, ఆపరేషన్స్ వాళ్లతో మాట్లాడటానికి.

ఒక విషయం ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. ఇండిగో, ఎయిర్ ఇండియా రెండింటి కేంద్రాలూ గురుగ్రామ్‌లో ఉన్నాయి. హైదరాబాద్‌లో చదివినా, ఉద్యోగం అక్కడికి తీసుకెళ్లే అవకాశమే ఎక్కువ. రాత్రి షిఫ్టులుంటాయి. సంక్రాంతి నాడు పొగమంచు ఎక్కువ కాబట్టి, సంక్రాంతి నాడే మీ అవసరమూ ఎక్కువ.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇంటర్వ్యూ ఇంగ్లిషు గురించి దిగులుపడతారు. వారికి నేను చెప్పే సాధన ఇది. ఆ రోజు మెటార్, టాఫ్ చూసి, ముందు అమ్మకు తెలుగులో చెప్పండి: ఇవాళ ఢిల్లీలో ఇలా ఉంది, అందుకే ఇంత ఎక్కువ ఇంధనం నింపుతున్నాను. ఆమెకు అర్థమైతే మీకు విషయం వచ్చినట్టే. తర్వాత అదే రెండు నిమిషాల్లో ఇంగ్లిషులో చెప్పి ఫోనులో రికార్డు చేసుకుని వినండి. కెప్టెన్‌కు కావాల్సింది అలంకారాలు కాదు. నాలుగు పొట్టి వాక్యాలు, ప్రతిదానికీ ఒక కారణం. నెల రోజుల్లో మీ గొంతులో తేడా మీకే వినిపిస్తుంది.

ఏడో మెట్టు: సీనియర్ పక్కన కూర్చున్నాక

ఇకావో ప్రమాణాల ప్రకారం, దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో కనీసం 90 పనిదినాలు అర్హత ఉన్న డిస్పాచర్ పర్యవేక్షణలో పనిచేసి ఉండాలి. ఈ 90 రోజుల్లో మీ చేతి నుంచి ఒక్క విమానం కూడా ఒంటరిగా వెళ్లదు, కాబట్టి తప్పులు చేయడానికి భయపడకండి. దాచడానికి మాత్రం భయపడండి. సీనియర్ ఫోనులో కెప్టెన్‌తో మాట్లాడుతున్నప్పుడు చెవి పెట్టి వినండి. ఆయన ఎక్కడ ఒప్పుకున్నారు, ఎక్కడ ఒప్పుకోలేదు, కాదని ఎంత మర్యాదగా చెప్పారు, అన్నీ రాసుకోండి. కెప్టెన్ వెయ్యి కిలోలు ఎక్కువ అడిగితే వెంటనే వాదించకండి. ఆయన నిన్న అదే దారిలో వెళ్లి ఉండవచ్చు, మీ తెర మీద లేనిది ఆయన కళ్లతో చూసి ఉండవచ్చు. ముందు ఎందుకని అడగండి.

కాక్‌పిట్‌లో కూర్చుని దారి పరిశీలించే ప్రయాణం కూడా ఇకావో అడుగుతుంది. మీరు డిస్పాచ్ చేసే ప్రాంతం మీదుగా, గడిచిన 12 నెలల్లో కనీసం ఒక వైపు ప్రయాణం. అవకాశం రాగానే వెళ్లండి. నా మొదటి ప్రయాణంలో, నేను కాగితం మీద "స్వల్ప కుదుపులు" అని రాసిన చోట కాఫీ కప్పు చేతిలో ఆగలేదు. కెప్టెన్ ఏమీ అనలేదు, వెనక్కి తిరిగి నా వైపు చూశారంతే. ఆ తర్వాత ఆ మాట రాసే ముందు ప్రతిసారీ గాలుల పటం మరోసారి తిప్పి చూస్తున్నాను.

ఆమోదం వచ్చాక మొదటి ఒంటరి షిఫ్టు. పన్నెండు, పదిహేను విమానాలు మీ పేరు మీద గాలిలో ఉంటాయి. షిఫ్టు ముగిసేటప్పుడు తర్వాతి వారికి నోటిమాటగా "అన్నీ బాగానే ఉన్నాయి" అని లేవకండి. ఏ విమానం ఎక్కడ ఉంది, దేనికి ప్రత్యామ్నాయం బలహీనంగా ఉంది, ఏ విమానంలో ఏ పరికరం పనిచేయడం లేదు, ఏ టాఫ్ ఎన్ని గంటలకు మళ్లీ చూడాలి అని రాసి, పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఆయన తన నోట తిరిగి చెప్పాక కుర్చీ ఖాళీ చేయండి.